మానిటర్ లేని నాలుగో రాత్రి: పాప ఊపిరి మధ్యలో ఆగి మళ్లీ వస్తోంది, ఇది మామూలేనా?

రాత్రిపాళీ_నాన్న
మంగళవారం, తెల్లవారుజాము 3:10

అందరికీ నమస్కారం. రెండు నెలలుగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు. పాప పక్కన కూర్చుని ఒంటి చేత్తో టైపు చేస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

మా పాప 29 వారాల 2 రోజులకే పుట్టింది. 1,120 గ్రాములు. ఉన్నట్టుండి ఉమ్మనీరు పోయింది, ఆ రాత్రే కాన్పు. వెంటిలేటర్ మీద 3 రోజులు, ముక్కులోకి ఒత్తిడితో గాలి పంపే సీప్యాప్ మీద 19 రోజులు, ఆ తర్వాత ముక్కు దగ్గర సన్న గొట్టంతో ఆక్సిజన్. మొత్తం 61 రోజులు పసిబిడ్డల ఐసీయూ, అదే ఎన్‌ఐసీయూలో ఉంది. మొన్న శుక్రవారం ఇంటికి పంపారు. అప్పటికి సరిగ్గా 38 వారాలు, 2,150 గ్రాములు. ఊపిరి ఆగకుండా ఇచ్చే కెఫీన్ మందు 34 వారాల దగ్గర మానేశారు. ఆఖరిసారి ఆప్నియా (ఊపిరి ఆగిపోవడం) వచ్చింది డిశ్చార్జికి 11 రోజుల ముందు. ఈ లెక్కలన్నీ కాగితం చూడకుండా రాస్తున్నా. సొంత ఫోన్ నంబరు అడిగితే ఒక్కోసారి తడబడతాను గానీ ఇవి మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

నిజం చెప్పాలంటే ఆ 61 రోజులూ నేను చూసింది పాపని కాదు, స్క్రీన్‌ని. రక్తంలో ఆక్సిజన్ శాతం 94 ఉంటే కుదుటపడేవాణ్ణి. 88కి దిగితే కడుపులో ఏదో జారేది. పక్క మంచం మానిటర్ మోగినా లేచి నిలబడేవాణ్ణి. ఒక నైట్ సిస్టర్ రెండు మూడుసార్లు అంది, "సార్, అటు కాదు, ఇటు చూడండి, పాప కళ్లు తెరిచింది" అని. నాకు ఒళ్లు మండింది. అంకెలు చూడకపోతే ఎలా తెలుస్తుంది మరి?

శుక్రవారం సాయంత్రం వైర్లన్నీ తీసేశారు. ఛాతీ మీద స్టిక్కర్లు అంటించిన చోట మూడు గుండ్రటి మచ్చలు ఉన్నాయి. ఏ తీగా తగలకుండా పాపని ఎత్తుకోవడం నాకు అదే మొదటిసారి. మా ఆవిడ ఏడుస్తూ నవ్వుతోంది. నేను మాత్రం తలుపు దగ్గర వెనక్కి తిరిగి ఆ స్క్రీన్ వైపు చూశాను. ఆపేసి ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. పాప మా మంచం పక్కనే తన చిన్న మంచంలో వెల్లకిలా పడుకుంటుంది. నేను ఫోన్ టార్చి మీద బట్ట కప్పి ఆ గుడ్డి వెలుతురులో చూస్తూ కూర్చుంటున్నా. ఊపిరి గబగబా నాలుగైదు సార్లు తీసుకుంటుంది, ఆగుతుంది. నేను లెక్కపెడతాను. ఒకటి, రెండు, మూడు... ఆరు దాకా, ఒక్కోసారి ఏడు, ఒకసారి ఎనిమిది. అప్పుడు మళ్లీ మొదలవుతుంది. ఆదివారం రాత్రి ఆరు దగ్గర ఆగలేక అరికాలు మీద తట్టాను. పాప ఉలిక్కిపడి ఏడ్చింది. మా ఆవిడ లేచి "ఏమైంది, ఏమైంది" అంటూ తనూ ఏడ్చింది. అప్పుడే పాలు తీసి గంట కూడా పడుకోలేదు పాపం. ఏమీ లేదని చెప్పినా నమ్మలేదు.

ఇంకోటి, ఈ శబ్దాలు. మూలుగుతుంది, ముక్కుతుంది, ముఖం ఎర్రగా చేసుకుని ఒళ్లంతా మెలితిప్పుతుంది. ఆసుపత్రిలోనూ ఇలాగే చేసేదేమో, ఆ మిషన్ల చప్పుడులో నాకు వినబడలేదు. శబ్దం చేస్తే ఏదో బాధ అనిపిస్తుంది, చేయకపోతే ఇంకా భయం.

తెల్లవారుజామున ఇక కళ్లు మూసుకుపోతుంటే సోఫాలో పాపని నా గుండె మీద పడుకోబెట్టుకుని కాసేపు కునుకు తీస్తున్నా. అప్పుడు ఊపిరి నా మెడకి తగులుతూ ఉంటుంది కాబట్టి ఆ గంటే నాకు ధైర్యం.

నేను అడిగేవి ఇవి. ఊపిరి ఇలా ఆగడం మామూలేనా? ఫోన్‌కి కలిపే మానిటర్ సాక్స్ ఉంటాయట, కాలికి తొడిగితే సాచురేషన్ (అదే, ఆ ఆక్సిజన్ శాతం) చూపిస్తాయట, కొనమంటారా? మీలో ఎన్‌ఐసీయూ నుంచి పిల్లల్ని తెచ్చుకున్నవాళ్లు రాత్రి లైటు ఎన్నాళ్లకి ఆర్పగలిగారు?


ముక్కుసూటి
మంగళవారం, ఉదయం 6:25

ఊపిరి సంగతి ఇక్కడ అడగడమేమిటండీ. డిశ్చార్జి కాగితం మీద నంబరు ఉంటుంది, ఫోన్ చేయండి.


రాత్రిపాళీ_నాన్న
మంగళవారం, ఉదయం 6:40

చేస్తానండీ, తొమ్మిదికి ఓపీ తెరుస్తారు. మూడింటికి చేయాలంటే "ఏముంది, ఆరు సెకన్లు" అంటారేమోనని మొహమాటపడ్డాను.


ఆక్సిజన్_అమ్మ
మంగళవారం, ఉదయం 10:15

తమ్ముడూ, ముందు నీ ఆఖరి ప్రశ్నకి జవాబు. మేము లైటు ఆర్పింది 5 నెలలకి. అది కూడా కావాలని ఆర్పలేదు, బల్బు పోయింది, మార్చడానికి ఎవరికీ ఓపిక లేక అలా వదిలేశాం.

మా వాడు 26 వారాలకి పుట్టాడు, 840 గ్రాములు. ఇప్పుడు నాలుగేళ్లు, ఈ పూటే పక్కింటి పిల్లాడి మీద ఇసుక పోసి వచ్చాడు. ఊపిరితిత్తులు ఇంకా కుదురుకోలేదని మమ్మల్ని ఆక్సిజన్‌తోనే ఇంటికి పంపారు. అందుకని డాక్టర్లే మానిటర్ కూడా ఇచ్చారు. అంటే నువ్వు కావాలనుకుంటున్నది నా దగ్గర ఉండేది. ఎలా ఉండేదో చెప్తాను విను.

వాడు కాలు ఆడిస్తే మోగేది. కాలు చల్లబడితే మోగేది. తీగ వదులైతే మోగేది, టేపు చెమటకి ఊడితే మోగేది. మొదటి వారం రాత్రికి పది పన్నెండు సార్లు లేచేవాళ్లం. స్క్రీన్ మీద 71 అని చూపించేది, కింద వీడు గులాబీ రంగు మొహంతో ఆవలిస్తూ ఉండేవాడు. మూడో వారానికి నాకు ఒక అలవాటు వచ్చింది: మోగగానే ముందు మొహం చూడటం, ఆ తర్వాతే అంకె. అది ఎవరూ నేర్పలేదు, విసుగే నేర్పింది. మీ నైట్ సిస్టర్ చెప్పింది కూడా అదే, నీకు కోపం వచ్చినా.

మాకు మానిటర్ ఎందుకిచ్చారంటే ఆక్సిజన్ ఎంత పెట్టాలో, ఎప్పుడు తగ్గించాలో తెలియడానికి. ఆ అవసరం లేని పిల్లకి దాన్ని తగిలిస్తే నీకు నిద్ర పట్టదు, ఉన్న నిద్రా పోతుంది. కొనేముందు డాక్టర్ని అడుగు.

ఊపిరి గురించి తెలిసినవాళ్లు చెప్తారు. నేను వేరే సంగతి చెప్తాను, ఎందుకంటే నీ పోస్టులో అది ఎక్కడా కనబడలేదు. కళ్ల పరీక్ష. ఆర్‌ఓపీ అంటారు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో రెటీనా మీద రక్తనాళాలు ఇంకా అంచు దాకా పాకవు. బయటికొచ్చాక అవి అడ్డదిడ్డంగా పెరిగితే రెటీనాని లాగేస్తాయి. ఆసుపత్రిలో ఉండగా పరీక్షలు మొదలుపెట్టే ఉంటారు. నాళాలు పూర్తిగా ఎదిగాయని కంటి డాక్టర్ చెప్పేదాకా, ఇంటికొచ్చాక కూడా వాళ్లు ఇచ్చిన తారీఖుకి వెళ్లి తీరాలి.

మాకు ఇంటికొచ్చిన ఆరో రోజు అపాయింట్‌మెంటు. ఆ ఉదయం వాడు మొదటిసారి మూడు గంటలు ఏకధాటిగా నిద్రపోయాడు. ఆక్సిజన్ సిలిండర్, మానిటర్, సంచి, ఇవన్నీ మోసుకుని ఎవరు వెళ్తారు, వచ్చే వారం వెళ్దాం అన్నాను. అవును, అన్నది నేనే. మా ఆయన వినలేదు, మాటామాటా పెరిగింది, గొడవపడుతూనే బయల్దేరాం. డాక్టరమ్మ చూసి, ఎల్లుండి లోపల లేజర్ చేయాలి అంది. వారం ఆగుదామన్నాను నేను! బయటికి చూస్తే కళ్లు చక్కగా, నల్లగా, నిగనిగలాడుతూ ఉండేవి. లోపల ఏం జరుగుతోందో తల్లికైనా తెలియదు. ఇప్పుడు వాడికి కళ్లద్దాలున్నాయి, చూపుంది. ఆ ఇసుక గురి చూసే పోశాడు.

కాబట్టి ఆ ఊపిరి లెక్క కాసేపు పక్కన పెట్టి, డిశ్చార్జి కాగితంలో కళ్ల పరీక్ష తారీఖు ఎప్పుడుందో చూడు. వినికిడి పరీక్ష అయిందో లేదో కూడా చూడు.

ఇంకొక్క మాట. ఐరన్ చుక్కలు ఇస్తుంటే దొడ్డికి నల్లగా రావచ్చు, కంగారుపడకు. ఎర్రగా వస్తే మాత్రం ఆగకుండా వెళ్లు.


అనుభవజ్ఞురాలు
మంగళవారం, మధ్యాహ్నం 1:05

బాబూ, మా మనవడూ ఎనిమిదో నెలలోనే పుట్టాడు. వెల్లకిలా వేస్తే ఉలిక్కిపడి లేచేవాడు. బోర్లా పడుకోబెట్టాక ఒకటే నిద్ర. ఆసుపత్రిలో కూడా బోర్లానే పెట్టేవాళ్లు, నా కళ్లతో చూశాను. ఊపిరి కూడా బాగా ఆడుతుంది. ఒకసారి ప్రయత్నించు.


డ్యూటీ_సిస్టర్
మంగళవారం, రాత్రి 9:30

ఎన్‌ఐసీయూలో పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. డాక్టర్ని కాదు. నేను రాసేది మీ డాక్టర్ మాటకి బదులు కాదు, పొద్దున ఫోన్ చేసే ఉంటారు కాబట్టి దానికి తోడు మాత్రమే.

అమ్మా, అనుభవజ్ఞురాలు గారూ, మీరు చూసింది నిజమే. మేం బోర్లా పెడతాం. ఊపిరి యంత్రాల మీద ఉన్న బిడ్డకి అలా పెడితే ఆక్సిజన్ బాగా అందుతుంది. కానీ ఆ బిడ్డ ఒంటికి నిమిషం కూడా తీయని తీగలుంటాయి, పక్కన మేముంటాం. ఇంటికి పంపే ముందు కొన్ని వారాల నుంచే వెల్లకిలా అలవాటు చేస్తాం. ఇంట్లో బోర్లా పడుకున్న పసిబిడ్డ నిద్రలోనే ఉన్నట్టుండి చనిపోయే ప్రమాదం ఎక్కువ. నెలలు తక్కువ పిల్లల్లో అది ఇంకా ఎక్కువ. వెల్లకిలా, గట్టి పరుపు మీద, దిండు లేకుండా, బొంత లేకుండా, బొమ్మలు లేకుండా. ఉలిక్కిపడి లేస్తుందంటారా, అలా తేలిగ్గా మెలకువ రావడమే ఆ వయసులో బిడ్డకి రక్ష. ఒకటే నిద్ర అన్నారే, మేం భయపడేది దానికే.

రాత్రిపాళీ గారూ, ఇక మీకు.

మీరు రాసిన ఊపిరి తీరుని పీరియాడిక్ బ్రీతింగ్ అంటాం. గబగబా కొన్ని శ్వాసలు, 5 నుంచి 10 సెకన్ల ఆగుడు, మళ్లీ గబగబా. మెదడు కాండంలో ఊపిరిని నడిపే భాగం ఇంకా పూర్తిగా ఎదగకపోవడం వల్ల అలా ఉంటుంది. నెలలు నిండిన పిల్లల్లోనూ మొదట్లో కొంచెం కనిపిస్తుంది. ఆగినప్పుడు రంగు మారదు, ఒళ్లు వేలాడిపోదు, తనంతట తనే మళ్లీ మొదలుపెడుతుంది. మీరు రాసిన ఆరు, ఏడు, ఎనిమిది ఆ కోవలోవే అనిపిస్తున్నాయి. అయినా మీ డాక్టర్ చూసి చెప్పాలి.

ఆప్నియా అని మేం రాసుకునేది 20 సెకన్లు, లేదా అంతకంటే ఎక్కువ సేపు ఆగితే. అంతకంటే తక్కువే అయినా పెదవులు, నాలుక నీలంగా మారినా, బూడిదలా పాలిపోయినా, గుండె వేగం పడిపోయినా, బిడ్డ గుడ్డముక్కలా వాలిపోయినా అది కూడా ఆప్నియానే. చేతులు, కాళ్లు కాస్త నీలంగా ఉంటే చలికి కావచ్చు. పెదవులు, నాలుక చూడండి. అలా కనబడితే వీపు మీద గట్టిగా రుద్దాలి, అరికాలు తట్టాలి, అంటే మీరు చేసిందే. దానికి ఊపిరి రాకపోతే మీకు నేర్పిన సీపీఆర్ (ఛాతీ నొక్కడం, నోటితో ఊపిరి ఊదడం) మొదలుపెట్టి అత్యవసర నంబరుకి ఇంకొకరు ఫోన్ చేయాలి. తట్టగానే తేరుకున్నా సరే, ఆసుపత్రికి వెళ్లాల్సిందే, "ఇప్పుడు బాగానే ఉంది కదా" అని ఆగకూడదు. సీపీఆర్ నేర్పకుండానే పంపారా? అయితే వెళ్లి అడగండి. ఇద్దరూ బొమ్మ మీద చేసి చూడాలి, వీడియో చూస్తే సరిపోదు. చేతికి అలవాటు కావాలి.

పాలు తాగేటప్పుడు కూడా ఒక కన్నేసి ఉంచండి. చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం, ఈ మూడూ కలిపి చేయడం ఈ పిల్లలు కొత్తగా నేర్చుకున్న విద్య. తాగుతూ తాగుతూ ఊపిరి తీయడం మరిచిపోతారు. నుదురు ముడిపడినా, వేళ్లు విప్పారినా, నోటి చుట్టూ రంగు తగ్గినా ఆపండి, నిటారుగా పట్టుకోండి, కుదుటపడ్డాక మళ్లీ. ఆకలేసి ఏడుస్తుందిలే అని కూర్చోకండి, కొందరు ఆకలేసినా ఏడవరు, నిద్రపోతారు. మూడు గంటలకోసారి అని చెప్పి ఉంటే లేపి పట్టాల్సిందే.

మూలుగుల సంగతి. మీరు రాసిన మెలితిప్పడం, ముక్కడం చాలామంది పిల్లలు చేస్తారు, నిద్రలో కూడా. అది వచ్చి పోతూ ఉంటుంది. ప్రతి ఊపిరికీ వరసగా మూలుగుతున్నా, ముక్కుపుటాలు ఎగరేస్తున్నా, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుపోతున్నా అది వేరు, వెంటనే చూపించాలి. అలాగే ఒళ్లు 38 డిగ్రీలు దాటినా, వెచ్చగా పట్టుకున్నాక కూడా 36.5కి పైకి రాకపోయినా, వరసగా రెండు పూటలు పాలు వద్దన్నా ఆలస్యం చేయకండి. ఈ పిల్లల్లో ఇన్‌ఫెక్షన్ జ్వరంతోనే మొదలవ్వాలని లేదు, చల్లబడిపోవడంతో కూడా మొదలవుతుంది.

సాక్స్ మానిటర్ గురించి ఆక్సిజన్_అమ్మ గారు చెప్పేశారు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా నిద్రలో మరణాలని ఆపడానికని ఇలాంటివి పెట్టుకోవద్దనే చెప్తుంది. డాక్టర్ రాసిచ్చిన మానిటర్ వేరే విషయం.

ఇప్పుడు నేను అసలు రాయడానికి కూర్చున్న మాట. మీ పోస్టు రెండుసార్లు చదివాను. మీరు భయపడుతున్న ఆ ఎనిమిది సెకన్లు నన్ను అంత భయపెట్టలేదు. ఆఖర్న ధైర్యంగా రాశారు చూడండి, సోఫా సంగతి, అది భయపెట్టింది. నాలుగు రాత్రులు నిద్రలేని మనిషి, సోఫా, గుండె మీద రెండు కిలోల బిడ్డ. మీరు గాఢనిద్రలోకి జారితే బిడ్డ మీ చంకకీ సోఫా వీపుకీ మధ్య జారుతుంది. మెడ ముందుకి వంగినా చాలు, ఆ సన్నటి శ్వాసనాళం మూసుకుపోవడానికి. బిడ్డ అరవదు. మీ మెడకి ఊపిరి తగులుతుందన్నారు, నిద్రపోయాక తగలడం ఆగితే మీకెలా తెలుస్తుంది? పెద్దవాళ్లతో కలిసి బిడ్డ నిద్రపోయే చోట్లన్నిట్లో సోఫా అతి ప్రమాదకరం. రాత్రంతా కాపలా కాసి, తెల్లవారుజామున మీరే పాపని అక్కడికి తీసుకెళ్తున్నారు.

తిట్టడం లేదు. ఈ మాట చెప్పగానే చాలామంది తండ్రులు ఇక బిడ్డని గుండె మీద పెట్టుకోవడమే మానేస్తారు, అదీ వద్దు. మెలకువగా ఉన్నప్పుడు చొక్కా తీసి చర్మానికి చర్మం ఆనించి పెట్టుకోండి, ఎంతసేపైనా. కంగారూ కేర్ మొదలైంది బొగోటాలో, 1978లో. ఎడ్గార్ రే అనే డాక్టర్ ఇంక్యుబేటర్లు చాలక తల్లుల గుండె మీద కట్టించాడు. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి 8 నుంచి 24 గంటలు చేయమంటుంది. తల్లే చేయాలని లేదు, తండ్రి ఛాతీ కూడా అంతే వెచ్చన. కాకపోతే కళ్లు మూతపడుతున్నాయి అనిపించిన క్షణంలో బిడ్డని తన మంచంలో వేయండి, లేదా ఇంకొకరిని లేపి చేతికివ్వండి. అలారం పెట్టుకుని నేను లేస్తాలే అనుకోకండి.

ఇద్దరూ ఒకేసారి మేలుకోకండి. మేం డ్యూటీలు ఎందుకు మారతామనుకుంటున్నారు?


ఇంకో_నాన్న
మంగళవారం, రాత్రి 11:50

మీ పోస్టు చదువుతుంటే నా చేతులు చల్లబడ్డాయి. మాది 31 వారాలు, ఏడాదిన్నర అయింది. అప్పుడు అందరూ నన్ను గట్టి మనిషి అనేవాళ్లు. ఇంటికొచ్చిన నెల తర్వాత, లిఫ్టు తలుపు తెరుచుకునేటప్పుడు 'టింగ్' అంటుంది కదా, ఆ శబ్దానికి గోడ పట్టుకుని కింద కూర్చుండిపోయాను. మానిటర్ది సరిగ్గా అదే స్వరం. ఆఫీసులో వాళ్లు బీపీ అనుకున్నారు. బిడ్డ బాగైపోయాక ఇదేమిటి అని సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. ఇంకో రెండు నెలలకి మా ఆవిడే పట్టుకుని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. మనసుకి తగిలిన ఈ దెబ్బ తల్లులకే కాదు, తండ్రులకీ వస్తుందట, ప్రమాదం దాటిపోయాక కూడా బయటపడుతుందట. మందులేమీ ఇవ్వలేదు నాకు, వారానికోసారి మాట్లాడించారు, తగ్గింది. మీ ఆవిడ ఏడుస్తోందన్నారు, ఆవిడ గురించి కూడా డాక్టర్‌కి ఒక మాట చెవిన వేయండి.

ఇంకోటి చిన్నది. చూడ్డానికి వచ్చేవాళ్లని మొదట్లో కాదనలేక రానిచ్చాం. ఒకాయన "కాస్త జలుబంతే" అంటూ మా వాడి బుగ్గ నిమిరాడు. వాడికి ఆర్‌ఎస్‌వీ, అదొక వైరస్, మళ్లీ తొమ్మిది రోజులు ఆసుపత్రి. పెద్దవాళ్లకి జలుబు, వీళ్లకి ఊపిరితిత్తులు. ఇప్పుడైతే తలుపు దగ్గరే ఆపేస్తాను, ఏమనుకున్నా సరే. ఆర్‌ఎస్‌వీకి ముందుగా ఇచ్చే ఇంజెక్షన్ ఉంది, మీ పాపకి ఇస్తారేమో అడగండి. మామూలు టీకాలు మాత్రం పుట్టిన తారీఖు లెక్కనే వేయిస్తారు, నెలలు తక్కువని వాయిదా వేయరు.


రాత్రిపాళీ_నాన్న
బుధవారం, సాయంత్రం 5:20

అందరికీ పేరుపేరునా జవాబు రాయాలి, ఇప్పుడు రాయలేను. మూడు ముక్కలు.

నిన్న పొద్దున ఫోన్ చేస్తే వెంటనే తీసుకురమ్మన్నారు. రెండు గంటలు మానిటర్ పెట్టి చూశారు. మళ్లీ ఆ స్క్రీన్ చూడగానే, సిగ్గు లేకుండా చెప్తున్నా, ప్రాణం లేచొచ్చింది. పాప ఏడు సెకన్లు ఆగింది, సాచురేషన్ 95 నుంచి 93కి వచ్చి మళ్లీ 96. డాక్టర్ దాన్ని చూపించి, "మీరు రాత్రి చూస్తున్నది ఇదే" అన్నారు. పీరియాడిక్ బ్రీతింగ్ అనే అన్నారు. బరువు 2,260. నాలుగు రోజుల్లో 110 గ్రాములు.

కళ్ల పరీక్ష తారీఖు శనివారం. కాగితం రెండో పేజీలో ఉంది. అక్కా, నాకు ఆ కాగితంలో అన్ని అంకెలూ కంఠతా వచ్చు, ఇదొక్కటి రాదు.

సోఫా సంగతి చదివాక చాలాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. మా ఆవిడకి చూపించాను. తనకి ఆ సంగతే తెలియదు, నేను మంచం మీదే ఉంటున్నాననుకుంది. ఒక్క మాట కూడా అనలేదు, వెళ్లి సోఫా మీద ఉతికిన బట్టలన్నీ కుప్ప పోసింది. ఇంకా అలాగే ఉన్నాయి.


అనుభవజ్ఞురాలు
బుధవారం, రాత్రి 8:00

సిస్టరమ్మా, మంచిమాట చెప్పావు. మా మనవడికి ఏమీ కాలేదు కాబట్టి అదే మంచిదనుకున్నాను ఇన్నాళ్లూ. మా చిన్నమ్మాయికి వచ్చే నెల కాన్పు, దానికి చెప్తాను.


ఆక్సిజన్_అమ్మ
బుధవారం, రాత్రి 9:15

ఆ బట్టలు మడతపెట్టకు తమ్ముడూ, అలాగే ఉండనీ.

ముందు ముందు ఇంకో లెక్క కూడా వస్తుంది, ఇప్పుడే చెప్పి ఉంచుతాను. పాపకి ఆరు నెలలు వచ్చేసరికి అందరూ అడుగుతారు, "ఇంకా బోర్లా పడలేదా" అని. మీ పాప దాదాపు పదకొండు వారాల ముందు వచ్చింది. ఆ పదకొండు వారాలు తీసేసి, రావాల్సిన తారీఖు నుంచి లెక్కపెట్టు. నవ్వడానికీ, మెడ నిలపడానికీ, అన్నిటికీ రెండేళ్ల దాకా అదే వయసు. అడిగినవాళ్లకి విడమరిచి చెప్పబోకు, నేను చెప్పి చెప్పి అలసిపోయాను. చిన్న వయసే చెప్పేసేయి, వాళ్లేమన్నా పుట్టిన తేదీ కాగితం అడుగుతారా.


రాత్రిపాళీ_నాన్న
తర్వాతి ఆదివారం, తెల్లవారుజాము 2:05

కళ్ల పరీక్ష అయింది. నాళాలు ఇంకా చివరిదాకా రాలేదట, కానీ అడ్డదిడ్డంగా ఏమీ లేవట. రెండు వారాల తర్వాత మళ్లీ రమ్మన్నారు. పరీక్షప్పుడు కనురెప్పలు తెరిచిపెట్టే ఆ క్లిప్పు చూసి మా ఆవిడ బయటికి వెళ్లిపోయింది, నేను చేతులు పట్టుకున్నాను. సీపీఆర్ ఇద్దరం నేర్చుకున్నాం, బొమ్మ మీద. ఛాతీని అంత లోతుగా నొక్కాలని నాకు తెలియదు.

సాక్స్ కొనలేదు. కొందామని రెండుసార్లు ఆ పేజీ తెరిచాను.

వంతులు వేసుకున్నాం. రాత్రి 9 నుంచి 2 దాకా నాకు నిద్ర, ఆ తర్వాత తనకి. మొదటి రెండు రోజులు నా వంతు నిద్రలో కూడా గోడకి చెవి పెట్టి విన్నాను. మూడో రోజు మా ఆవిడ పక్కగదిలో పడుకోమని తలుపు వేసేసింది. ఐదు గంటలు పడుకున్నాను, 61 రోజుల తర్వాత, కాదు, 70.

లైటు ఇంకా ఆర్పలేదు. టార్చి మీద బట్ట తీసేసి చిన్న బల్బు పెట్టాం, అంతే.

ఇప్పుడు నా వంతు మొదలైంది. పాప ముక్కుతోంది, ముఖం ఎర్రగా చేసుకుంటోంది, పాలకి ఇంకా పది నిమిషాలుంది. కళ్లు తెరిచింది. ఉండండి, మళ్లీ రాస్తాను.